సినిమా టికెట్ ధర చట్టప్రకారమే ఉందా? ఇంట్లో కూర్చునే సరిచూసుకునే పద్ధతి

సినిమా టికెట్ ధరను థియేటరు యజమాని తన ఇష్టప్రకారం నిర్ణయిస్తాడని చాలామంది అనుకుంటారు. అదనంగా వసూలు చేశారని అనుమానం వచ్చినా, అడగడానికి ఆధారమేమిటో తెలియక ఊరుకుంటారు. నిజానికి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ టికెట్ ధరకు ప్రభుత్వం నిర్ణయించిన పరిమితి ఉంది, ఆ పరిమితిని ఏ జీవో ద్వారా నిర్ణయించారో, దానిని సడలించడానికి ఏ జీవో కావాలో కూడా స్పష్టంగానే ఉంది. కాబట్టి టికెట్‌పై ముద్రించిన మొత్తాన్ని విడగొట్టి చూడడం తెలిస్తే, అందులో చట్టబద్ధమైనదెంతో సామాన్య ప్రేక్షకుడే తేల్చుకోవచ్చు.

మొదట అధికారం ఎవరిదో తెలుసుకోవాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 33వ అంశం నాటక ప్రదర్శనలు, క్రీడలు, వినోదాలతోపాటు సినిమాలను కూడా రాష్ట్రాలకు అప్పగించింది. సినిమాను ప్రదర్శనకు మంజూరు చేసే అధికారం, అంటే సెన్సారు, మాత్రమే కేంద్ర జాబితాలో ఉంది. అందువల్ల థియేటరుకు లైసెన్సు ఇవ్వడం, రోజుకు ఎన్ని ఆటలు వేయాలో చెప్పడం, టికెట్ ధరను నిర్ణయించడం వంటివి రాష్ట్రాల పనులు. మన రెండు రాష్ట్రాల్లో వీటికి మూలం 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, దాని కింద 1970లో చేసిన నియమాలు. విభజన తర్వాత తెలంగాణ కూడా ఆ చట్టాన్నే అన్వయించుకుంది. జిల్లాల్లో జాయింట్ కలెక్టరు (తెలంగాణలో ఇప్పుడు అదనపు కలెక్టరు), హైదరాబాద్ వంటి నగరాల్లో పోలీసు కమిషనరు లైసెన్సింగ్ అధికారులుగా వ్యవహరిస్తారు. ఫిర్యాదు చేయవలసి వచ్చినప్పుడు ఈ ఒక్క విషయం చాలా ఉపయోగపడుతుంది.

మీ థియేటరు ఏ తరగతికి చెందుతుంది?

రెండో మెట్టు, మీరు వెళ్లిన థియేటరు ఏ తరగతిలోకి వస్తుందో గుర్తించడం. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అన్న పాత విభజన పోయి ఇప్పుడు ఏసీ, నాన్ ఏసీ, మల్టీప్లెక్స్, రిక్లైనర్ (వెనక్కి వాల్చుకునే సీటు) అన్న విభజన వచ్చింది.

తెలంగాణలో లెక్క కొంత తేలిక. 2021 డిసెంబరు 21న వచ్చిన జీవో 120 ప్రకారం నాన్ ఏసీ థియేటర్లలో టికెట్ ధర 30 రూపాయల నుంచి 70 వరకు, ఏసీ థియేటర్లలో 50 నుంచి 150 వరకు, మల్టీప్లెక్సుల్లో 100 నుంచి 250 వరకు ఉండవచ్చు. రిక్లైనర్ సీటుకు సింగిల్ థియేటరులో 200, మల్టీప్లెక్సులో 300 వరకు తీసుకోవచ్చు. వీటన్నిటికీ జీఎస్టీ అదనం. ఊరు చిన్నదా పెద్దదా అన్న తేడా ఈ జీవోలో పెద్దగా పాత్ర వహించదు.

ఆంధ్రప్రదేశ్‌లో అలా కాదు. అక్కడ ఊరి స్థాయి, థియేటరు రకం, సీటు తరగతి అనే మూడింటినీ కలిపి చూడాలి. 2022 మార్చి 7న వచ్చిన జీవో 13 ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలోని నాన్ ఏసీ థియేటరులో సాధారణ సీటు 40, ప్రీమియం సీటు 60 రూపాయలు కాగా, ఏసీ థియేటరులో అవి 70, 100 అవుతాయి. ప్రత్యేక థియేటర్లుగా వర్గీకరించిన వాటిలో 100, 125. కార్పొరేషన్‌లోని మల్టీప్లెక్సులో సాధారణ సీటు 150, రిక్లైనర్ 250. మున్సిపాలిటీలో ఈ ధరలు ఒక మెట్టు తగ్గుతాయి, నగర పంచాయతీలు, గ్రామ పంచాయతీలకు వచ్చేసరికి నాన్ ఏసీ థియేటరులో 20, 40 వద్ద, ఏసీలో 50, 70 వద్ద ఆగుతాయి. ప్రతి థియేటరులోనూ కనీసం 25 శాతం సీట్లు సాధారణ తరగతిలో ఉండాలన్న షరతు కూడా అదే జీవోలో ఉంది. బుకింగ్ తెరవగానే సాధారణ సీట్లు ఒక్కటీ కనిపించకుండా అన్నీ ప్రీమియంగానే చూపిస్తుంటే, అభ్యంతరం చెప్పడానికి ఈ షరతు ఆధారమవుతుంది. ప్రేక్షకులు దీనిని దాదాపుగా ఎవరూ ప్రస్తావించకపోవడం ఆశ్చర్యంగా ఉంటుంది.

ఈ జీవోకు ముందు జరిగిన కథ కూడా కొంత తెలిసి ఉండాలి, ఎందుకంటే పాత ధరల పట్టికలు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. 2021 ఏప్రిల్ 8 నాటి జీవో 35 గ్రామ పంచాయతీల్లోని నాన్ ఏసీ థియేటర్లలో అట్టడుగు తరగతి టికెట్‌ను ఐదు రూపాయలుగా నిర్ణయించింది. టీ కూడా దొరకని ధరకు సినిమా చూపించమనడం ఎంతవరకు సబబని యజమానులు కోర్టుకు వెళ్లారు, ఆ ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ జీవోను పక్కన పెట్టింది. కాబట్టి ఎవరైనా ఐదు రూపాయల పట్టిక చూపిస్తే అది ఇప్పుడు చెల్లదని గుర్తుంచుకోవాలి.

టికెట్‌ను వెనక్కి లెక్కించడం

ఇక అసలు పని. టికెట్‌పై కనిపించే మొత్తంలో మూల ధర, జీఎస్టీ కలిసి ఉంటాయి, కొన్నింటిపై నిర్వహణ రుసుము పేరుతో చిన్న మొత్తం విడిగా కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి మూల ధర 100 రూపాయలు, అంతకు లోపు ఉంటే జీఎస్టీ 5 శాతం, 100 దాటితే 18 శాతం. అంతకుముందు 100 లోపు టికెట్లపై 12 శాతం ఉండేది. అందువల్ల మొత్తం 105 రూపాయలు, అంతకంటే తక్కువైతే దానిని 1.05తో, 118 దాటితే 1.18తో భాగించాలి. వచ్చిన సంఖ్య మీ థియేటరు తరగతికి జీవోలో ఉన్న పరిమితికి మించకూడదు.

ఉదాహరణకు హైదరాబాద్ మల్టీప్లెక్సులో మనం తరచుగా చూసే 295 రూపాయల టికెట్‌ను 1.18తో భాగిస్తే సరిగ్గా 250 వస్తుంది, అంటే అది పరిమితి అంచున ఉన్నది తప్ప దాటినది కాదు. 177 రూపాయల టికెట్‌కు 150 వస్తుంది. ఇది తెలంగాణలోని ఏసీ సింగిల్ థియేటరుకూ, ఆంధ్రప్రదేశ్ కార్పొరేషన్‌లోని మల్టీప్లెక్సుకూ గరిష్ఠ సాధారణ ధర. విజయవాడలోని ఏసీ థియేటరులో 100 రూపాయల ప్రీమియం సీటుకు ఇప్పుడు 105 చెల్లిస్తే చాలు. పన్ను తగ్గకముందు దానికే 112 అయ్యేది. ఇక్కడే ఒక చిన్న కిటుకు ఉంది. 100 రూపాయల టికెట్ 105 అవుతుంది, 101 రూపాయల టికెట్ ఏకంగా 119 దాటుతుంది. కాబట్టి విడిగా మరో రుసుము ఏదీ లేకుండా 105కూ 118కూ మధ్య మొత్తం కనిపించిందంటే, పన్ను లెక్క ఎక్కడో తప్పిందని అర్థం. పాత శాతాన్నే కొనసాగిస్తున్నారేమో అడగవచ్చు.

ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు బుకింగ్ సంస్థ వేసే కన్వీనియెన్స్ ఫీజునూ, దానిపై విడిగా పడే జీఎస్టీనీ ఈ లెక్కలో కలపకూడదు. అవి థియేటరు తీసుకునే ధరలో భాగం కావు, కౌంటరులో కొంటే ఉండవు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ల ఆన్‌లైన్ అమ్మకాన్నే తన చేతిలోకి తీసుకోవడానికి 2021 నవంబరులో శాసనసభలో చట్ట సవరణ చేసింది. దాని అమలుకు 2022 జూన్‌లో ఇచ్చిన జీవో 69పై హైకోర్టు మరుసటి నెలలో స్టే ఇచ్చింది. అందువల్ల ప్రైవేటు వేదికల అమ్మకాలు ఆగలేదు, వాటి రుసుములూ కొనసాగాయి.

పెద్ద సినిమా వచ్చినప్పుడు

లెక్కలో పరిమితి దాటినంత మాత్రాన తప్పు జరిగినట్లు కాదు. పెద్ద సినిమా విడుదలకు ముందు నిర్మాత దరఖాస్తు చేసుకుంటే, ఇన్ని రోజులు ఇంత అదనంగా తీసుకోవచ్చునంటూ హోం శాఖ ఆ సినిమాకు మాత్రమే వర్తించే ఉత్తర్వు ఇస్తుంది. కాబట్టి తర్వాత చూడవలసింది ఆ ఉత్తర్వునే. అందులో సినిమా పేరు, అదనపు మొత్తం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అదనపు ఆటలెన్ని అన్న వివరాలుంటాయి. వీటిలో తేదీలే కీలకం.

2024 డిసెంబరు 5న విడుదలైన ‘పుష్ప 2’ విషయంలో తెలంగాణ ఇచ్చిన ఉత్తర్వు ఇందుకు మంచి ఉదాహరణ. ముందురోజు రాత్రి ప్రీమియరుకు ఏ థియేటరులోనైనా 800 రూపాయలు అదనంగా తీసుకోవచ్చన్నారు. మల్టీప్లెక్సు 250కి 800 కలిపితే 1,050, దానిపై 18 శాతం వేస్తే 1,239. సింగిల్ థియేటరులో ఇదే పద్ధతిలో 1,121. విడుదల రోజు నుంచి 8వ తేదీ వరకు సింగిల్ థియేటర్లకు 150, మల్టీప్లెక్సులకు 200 అదనం కావడంతో టికెట్లు 354, 531 అయ్యాయి. 9 నుంచి 16 వరకు ఆ అదనం 105, 150కి, 17 నుంచి 23 వరకు 20, 50కి దిగింది. అంటే 8వ తేదీన మల్టీప్లెక్సులో సాధారణ సీటుకు 531 చెల్లించినవారికి ఫిర్యాదుకు అవకాశం లేదు, 9వ తేదీన అదే సీటుకు అంతే చెల్లించి ఉంటే అవకాశం ఉంది. 354 అన్న సంఖ్యను మాత్రం జాగ్రత్తగా చూడాలి: అది మల్టీప్లెక్సు రిక్లైనరుకు మామూలు రోజుల్లోని గరిష్ఠ ధర కూడా. సీటు రకం చూడకుండా మొత్తం ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు.

ఆ ప్రీమియరు రాత్రే హైదరాబాద్‌లోని సంధ్య థియేటరు వద్ద తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత అదే నెలలో శాసనసభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇకపై ప్రత్యేక ఆటలకు, ధరల పెంపునకు అనుమతి ఉండదని ప్రకటించారు. అయినా 2025 జనవరిలో ఒక పెద్ద సినిమాకు పెంపు అనుమతి వచ్చింది, విడుదల తర్వాత దానిని వెనక్కి తీసుకున్నారు. ప్రకటనను నమ్మి ‘ఇప్పుడు పెంపు లేదు’ అనుకోవడమూ సరికాదు, ‘పెద్ద సినిమా కదా, ఉంటుందిలే’ అనుకోవడమూ సరికాదు. ఆ సినిమాకు, ఆ తేదీకి ఉత్తర్వు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్‌లో జీవో 13 దీనికి కొన్ని కొలతలు పెట్టింది. హీరో, హీరోయిన్, దర్శకుల పారితోషికాలు కాకుండా నిర్మాణ వ్యయం వంద కోట్లు దాటిన సినిమాలకు, కనీసం 20 శాతం చిత్రీకరణ రాష్ట్రంలో జరిపి ఉంటే, విడుదలైనప్పటి నుంచి పది రోజుల వరకు ప్రత్యేక ధర ఇవ్వవచ్చు. 2025 సంక్రాంతి సినిమాలకు ప్రభుత్వం పద్నాలుగు రోజులు అనుమతిస్తే, హైకోర్టు దానిని పది రోజులకే పరిమితం చేసింది. పదకొండో రోజున పెంచిన ధర కనిపిస్తే ఎందుకని అడిగే హక్కు ప్రేక్షకుడికి ఉంది.

ఈ ఏర్పాటులో నా దృష్టికి పెద్ద లోపంగా కనిపించేది ఉత్తర్వుల సమయం. అవి సాధారణంగా విడుదలకు ఒకటి రెండు రోజుల ముందు వస్తాయి, ఎవరైనా కోర్టుకు వెళ్లి ఆదేశం తెచ్చుకునేసరికి వసూళ్లలో సింహభాగం వచ్చే మొదటి వారాంతం గడిచిపోతుంది. పదిహేను రోజుల ముందే ఉత్తర్వు ఇచ్చి బహిరంగపరచాలన్న నియమం ఒక్కటి ఉంటే సగం వివాదాలు తలెత్తవు.

టికెట్ కాని ఖర్చులు

తెలంగాణలో 2018 మార్చి నాటి జీవో 63 ప్రకారం మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్ అందరికీ ఉచితం. గంట దాటినా, పార్కింగ్ రుసుముకు మించిన బిల్లు గానీ సినిమా టికెట్ గానీ చూపిస్తే డబ్బు తీసుకోకూడదు. సింగిల్ థియేటర్లకు మాత్రం 2021 జూలైలో రుసుము వసూలుకు అనుమతి ఇచ్చారు. బయటి తినుబండారాలను యాజమాన్యం వద్దనవచ్చునని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది, అయితే శుభ్రమైన తాగునీరు ఉచితంగా అందించాలని, పసిపిల్లల ఆహారాన్ని అడ్డుకోకూడదని కూడా స్పష్టం చేసింది. ప్యాక్ చేసిన సరుకును దానిపై ముద్రించిన ఎమ్మార్పీకి మించి అమ్మితే తూనికలు, కొలతల శాఖకు చెప్పాలి.

ఫిర్యాదు ఎలా రాయాలి

ముందుగా థియేటరు మేనేజరును ఆ సినిమాకు సంబంధించిన ఉత్తర్వు చూపించమని మర్యాదగా అడగాలి. ఉత్తర్వు ఉంటే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే జిల్లాలో జాయింట్ కలెక్టరుకు, నగరంలో పోలీసు కమిషనరుకు ఒక పేజీ ఫిర్యాదు రాస్తే సరిపోతుంది. అందులో థియేటరు పేరు, ఊరు, తేదీ, ఆట సమయం, సీటు సంఖ్య, చెల్లించిన మొత్తం రాసి, దాని కింద వెనక్కి లెక్కించిన మూల ధరనూ, వర్తించే జీవో సంఖ్యనూ, పరిమితినీ ఒక్కొక్క వాక్యంలో చెప్పాలి. ‘దోచుకుంటున్నారు’ వంటి మాటల కంటే ‘మూల ధర 450 అవుతోంది, పరిమితి 250, ఈ తేదీకి పెంపు ఉత్తర్వు కనిపించలేదు’ అన్న వాక్యానికి అధికారి జవాబు చెప్పక తప్పదు. ఉత్తర్వు ఉందో లేదో మీకే తెలియకపోతే, కలెక్టరు కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

డబ్బు వెనక్కి రావాలంటే దారి వేరు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, లేదా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్లు. ఈ రెండేళ్ల గడువును నమ్ముకుని టికెట్‌ను పర్సులో పడేసి ఊరుకోకూడదు. కౌంటరులో ఇచ్చేది థర్మల్ కాగితం కాబట్టి దానిపై అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. థియేటరు బయటికి రాకముందే దానిని ఫోటో తీసుకుని, యూపీఐ ద్వారా చెల్లించి ఉంటే ఆ రసీదును కూడా దానితో కలిపి భద్రపరచాలి.