పాత కథలు రాయడం నేర్చుకుందాం, 4వ పాఠం: ‘ట’ ఎక్కడ పెట్టాలి?

పోయినసారి అపలాచియా కొండల్లో, వెస్ట్ వర్జీనియాలో జరిగిన జోనా హీస్టర్ షూ అనే ఆవిడ హత్య కేసు ఇచ్చి పది వాక్యాల్లో రాయమన్నాను. మీరు పంపినవాటిలో సగానికి పైగా “దెయ్యం కోర్టులో సాక్ష్యం చెప్పి హంతకుణ్ణి పట్టించింది” అనే ఉంది. తప్పు నాదే. ఆ దెయ్యం సాక్ష్యం గురించి రోడ్డు పక్కన ప్రభుత్వం పెట్టిన బోర్డు సంగతి ముందు చెప్పి, కోర్టు సంగతి ఆపేశాను. అందుకే కొత్త పాఠం పక్కన పెట్టి దీన్నే మళ్లీ పట్టుకుందాం.

తేదీలు వరసగా పేర్చడం మీకు వచ్చేసింది. 1897 జనవరి 23న జోనా చనిపోయింది. ఫిబ్రవరి 22న సమాధి తవ్వి పోస్ట్‌మార్టం చేశారు. మెడ విరిగి ఉంది. ఆ వేసవిలోనే లూయిస్‌బర్గ్‌లో విచారణ జరిగి భర్తకు యావజ్జీవ శిక్ష పడింది. వీటికి ‘ట’ అక్కర్లేదు. కొందరు భయపడి “మెడ విరిగి ఉందట” అని కూడా రాశారు. డాక్టర్లు కళ్లారా చూసినదానికి ‘ట’ తగిలిస్తే నిజం కూడా పుకారైపోతుంది.

నాలుగు రాత్రులు కూతురు వచ్చి తనతో మాట్లాడిందని చెప్పింది తల్లి మేరీ జేన్. ఇక్కడ “కనిపించిందట” అన్నా సగమే. ఎవరన్నారు? నేనైతే ‘ట’ తీసేసి “కనిపించిందని తల్లి చెప్పింది” అని మనిషి పేరుతోనే రాస్తాను.

అసలు గుంట ఆ బోర్డే. దెయ్యం సాక్ష్యం హంతకుడికి శిక్ష పడేందుకు సాయపడిన కేసు తెలిసినంతలో ఇదొక్కటే అని దానిమీద ఉంది. సర్కారు బోర్డు కాబట్టి మనం ‘ట’ మర్చిపోతాం. కానీ ప్రాసిక్యూటర్ ప్రెస్టన్ కోర్టులో దెయ్యం ఊసే ఎత్తలేదు. ఎత్తింది భర్త తరఫు లాయరు! అదంతా కల అని తల్లి చేతే ఒప్పించాలని చూశాడు. ఆవిడ లొంగలేదు. కల కాదు, మెలకువగానే ఉన్నానంది. రాత్రి భోజనంలో మాంసం లేదని అల్లుడు మండిపడ్డాడని, ఇంట్లో వెన్న, యాపిల్ పండ్లు, రకరకాల జెల్లీలు ఉన్నాయని కూతురు చెప్పినట్టు ఒక్కొక్కటే వివరించింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి జెల్లీల పేర్లు కూడా మర్చిపోలేదు. ఆ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మీరు రాసేటప్పుడు దాన్ని వదలకండి.

కాగితం మీద ఉంది కదా అని కూడా నమ్మేయకండి. జోనా చావుకు కారణం డాక్టరు మొదట ‘ఎవర్‌లాస్టింగ్ ఫెయింట్’, అంటే తీరని మూర్ఛ అని రాశాడు. తర్వాత కాన్పు అని మార్చాడు. కాబట్టి “మూర్ఛతో చనిపోయింది” అనకూడదు, “మూర్ఛ అని డాక్టరు రాశాడు” అనాలి. రెంటికీ మధ్య ఒక హత్య దాగి ఉంది.

అభ్యాసం: 1916 సెప్టెంబర్ 13న టెనెస్సీలోని ఎర్విన్ రైల్వే యార్డులో మేరీ అనే సర్కస్ ఏనుగును క్రేన్‌కు వేలాడదీసి చంపారు. అంతకు ముందురోజు కింగ్స్‌పోర్ట్‌లో అది తనను నడిపిస్తున్న మనిషిని చంపింది. దీన్ని పన్నెండు వాక్యాల్లో రాయండి. ‘ఎందుకంటే’ ఒక్కసారి కూడా రాకూడదు. తర్వాత ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. వాళ్లు “నీకెలా తెలుసు?” అని అడిగిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గీత పెట్టి, ఆ గీతలతోనే నాకు పంపండి.