కణమరణం, క్యాన్సర్ మందులు: 5వ పాఠం

పోయినసారి అభ్యాసంలో, 17పీ (17వ క్రోమోజోమ్ పొట్టి చేయి, పీ53 జన్యువు ఉండేచోటు) లోపించిన క్యాన్సర్ కణం మీద వెనెటోక్లాక్స్ (బీసీఎల్-2 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందు) పనిచేస్తుందా అని అడిగాను. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం నుంచి వచ్చిన జవాబులు చాలావరకు ఒక్కచోటే బోల్తా పడ్డాయి. "17పీ పోతే పీ53 ఉండదు, పీ53 లేని కణం చావదు, కాబట్టి వెనెటోక్లాక్స్ పనిచేయదు" అని రాశారు. అందుకే ఈసారి అనుకున్న కాస్పేస్-8 దారిని (కణం బయటి సంకేతంతో మొదలయ్యే చావు దారి) వాయిదా వేస్తున్నాను.

కాగితం అడ్డంగా పెట్టి బొమ్మ గీయండి. ఎడమ చివర పీ53 ప్రొటీన్, దాన్నుంచి కణాన్ని చావుకు పురిగొల్పే ప్యూమా, నోక్సా ప్రొటీన్లకు బాణం. నడుమ కణాన్ని బతికించే బీసీఎల్-2, దాని గుప్పిట్లో చావుకు పురిగొల్పే మరో ప్రొటీన్ బిమ్. కుడివైపు మైటోకాండ్రియాకు రంధ్రాలు పొడిచే బ్యాక్స్, బ్యాక్, ఆపైన ఆ రంధ్రాల్లోంచి బయటపడే సైటోక్రోమ్ సి, కణాన్ని కూల్చే ఎంజైములు కాస్పేస్-9, కాస్పేస్-3. ఒడియా మీడియంవాళ్లు పేర్లు ఒడియాలోనే రాసుకోవచ్చు, బాణం దిశ మాత్రం తప్పకూడదు.

డీఎన్‌ఏ దెబ్బతింటే ప్యూమా, నోక్సాలను తయారుచేయించేది పీ53. చాలా కీమో మందులు ఆ దెబ్బనే నమ్ముకుంటాయి, పీ53 పోతే చతికిలపడతాయి. వెనెటోక్లాక్స్ ఎడమ చివరికి వెళ్లనే వెళ్లదు. నేరుగా బీసీఎల్-2 గాడిలో కూర్చుని బిమ్‌ని బయటికి నెడుతుంది, ఆ బిమ్ బ్యాక్స్‌ని లేపుతుంది. 2016లో అమెరికాలో దీనికి తొలి అనుమతి దొరికిందే 17పీ లోపించిన సీఎల్‌ఎల్ (దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా, ఒక రక్త క్యాన్సర్) రోగుల కోసం. అయితే వాళ్లలో జబ్బు త్వరగా తిరగబెడుతుంది. మందు పనిచేయడం వేరు, జబ్బు నయమవడం వేరు.

"మందు కణాన్ని చంపింది" అనే మాట కూడా నాకు గిట్టదు. మందు పలుపు విప్పుతుంది, అంతే. కొట్టంలో ఎద్దు లేకపోతే విప్పి లాభమేమిటి? బ్యాక్స్, బ్యాక్ రెండూ లేని కణం మీద ఎంత మోతాదు పోసినా మైటోకాండ్రియాకు రంధ్రం పడదు.

ఇలాంటిదే మరో మందు నావిటోక్లాక్స్, బీసీఎల్-2తో పాటు దాని కుటుంబానికే చెందిన బీసీఎల్-ఎక్స్‌ఎల్‌నీ పట్టుకుంటుంది. ప్లేట్‌లెట్లు బతికేది దాని మీదే కాబట్టి వాటి సంఖ్య పడిపోతుంది.

సీఎల్‌ఎల్‌లో వెనెటోక్లాక్స్ రోజు మోతాదు వారానికో మెట్టు: 20, 50, 100, 200, 400 మి.గ్రా. మొదటిరోజే 400 ఇస్తే కణాలు మూకుమ్మడిగా పగిలి పొటాషియం, ఫాస్ఫేట్, యూరిక్ ఆమ్లం ఎగబాకుతాయి, కాల్షియం దిగుతుంది, కిడ్నీలూ గుండే ప్రమాదంలో పడతాయి.

అభ్యాసం: ఒక కణంలో బీసీఎల్-2, దాని కుటుంబానిదే అయిన బతికించే ప్రొటీన్ ఎంసీఎల్-1 రెండూ దండిగా ఉన్నాయి. వెనెటోక్లాక్స్ వేశాక విడుదలైన బిమ్ ఎక్కడికి పోతుంది? ఇంకో కణంలో కాస్పేస్-9 ఒక్కటే లేదు. రంధ్రాలు పడ్డాక అది బతుకుతుందా? రెండింటికీ బొమ్మ గీసి, ఒక్కో బాణం పక్కన కారణం రాయండి.