స్టెపనకెర్ట్ వెళ్లాలనుకునే హైదరాబాదీలకు

ఇంట్లో ఉన్న పాత యాత్రా పుస్తకంలో ఆర్మేనియా రాజధాని యెరెవాన్ నుంచి గోరిస్, అక్కడి నుంచి లాచిన్ దారి మీదుగా స్టెపనకెర్ట్ అని రాసి ఉంటే, ఆ పేజీని పక్కన పెట్టండి. స్టెపనకెర్ట్ రాజధానిగా ఆర్మేనియన్ల చేతిలో ఉండి, 2020లో అజర్‌బైజాన్‌తో యుద్ధం తరువాత కుంచించుకుపోయిన కరబాఖ్ కొండసీమను 2023 సెప్టెంబరు 19, 20 తేదీల్లో అజర్‌బైజాన్ సైన్యం స్వాధీనం చేసుకోగా, లక్షకు పైగా ఆర్మేనియన్లు కొద్ది రోజుల్లోనే ఊరు విడిచి ఆర్మేనియాకు తరలిపోయారు. వారు నడుపుకొన్న, ఐక్యరాజ్యసమితి సభ్యదేశం ఏదీ గుర్తించని గణతంత్రం 2024 జనవరి 1న రద్దయింది. నగరానికి ఇప్పుడు ఖాన్‌కెండి అనే పేరే అధికారికం.

కాబట్టి ముందుగా తేల్చుకోవలసింది, మీరు ఊరిని చూడదలిచారా, ఆ ఊరి మనుషులను కలవదలిచారా అన్నది. ఊరినే చూడాలంటే అజర్‌బైజాన్ రాజధాని బాకూ చేరి, ఆ దేశపు అనుమతితోనే వెళ్లాలి. గతంలో ఆర్మేనియా వైపు నుంచి వెళ్లి వచ్చినవారి పేర్లను అజర్‌బైజాన్ నిషేధిత జాబితాలో చేర్చేది కనుక, మీరు అలా వెళ్లి ఉంటే వీసాకు దరఖాస్తు చేసేముందే ఆ సంగతి విచారించుకోవాలి. మందుపాతరలు ఇంకా మిగిలి ఉన్న ప్రాంతమిది. ఫొటో కోసమైనా తారురోడ్డు దిగకండి. నగర శివారు గుట్టపై 1967లో సర్గిస్ బగ్దసర్యాన్ మలిచిన అవ్వాతాతల శిల్పం మాత్రం తప్పక చూడదగ్గది. నేలలోంచి మొలిచినట్టుండే ఆ రెండు తలలు ఆ సీమ జనం తమను తాము ఎలా ఊహించుకున్నారో చెబుతాయి.

మనుషులే ముఖ్యమనుకుంటే, నా సలహా ఆర్మేనియాయే. దుబాయ్ లేదా షార్జా మీదుగా యెరెవాన్ చేరి, దక్షిణాన గోరిస్‌కు రోడ్డు మార్గంలో వెళ్లి, దారిలో తాతెవ్ మఠానికి 5.7 కిలోమీటర్ల కేబుల్ కారు ఎక్కవచ్చు. రెండు దేశాలూ ఒకే యాత్రలో చూడాలంటే, వాటి మధ్య సరిహద్దు మూసి ఉన్నందున, జార్జియా రాజధాని త్బిలిసి వంటి మూడో దేశపు నగరం మీదుగా వెళ్లక తప్పదు.

బయలుదేరేముందు ఒక ఉదయం పాతబస్తీ దిక్కున ఉప్పుగూడలోని ఆర్మేనియన్ శ్మశానాన్ని చూడండి. గోల్కొండ కాలంలో వ్యాపారానికి వచ్చిన ఆర్మేనియన్ల 17వ శతాబ్దపు సమాధులు అక్కడ ఉన్నాయి. వీసా ఖర్చు లేని తొలి మజిలీ అది.

మాటల్లో జాగ్రత్త అవసరం: ఆర్మేనియన్ల దగ్గర ఖాన్‌కెండి అనకండి, బాకూలో స్టెపనకెర్ట్ అనకండి. శాకాహారులకు ఇబ్బంది లేదు. కరబాఖ్ వారి ఝెంగ్యాలొవ్ హాత్స్ అంటే రకరకాల ఆకుకూరలను సన్నగా తరిగి రొట్టెలో కూరి పెనం మీద కాల్చేది. యెరెవాన్‌లోనూ దొరుకుతుంది. వేడివేడిగా, పెనం మీద నుంచి తీసినదే అడిగి తీసుకోండి.