షోకేస్ లైట్‌కి బటన్ టైమర్ పెట్టుకోవడం ఎలా?

స్కూల్లోనో లైబ్రరీలోనో గాజు షోకేస్‌లో పాత కలంకారీ గుడ్డ పెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా లైట్ వేసి వదిలేస్తుంటారు, చూసేవాళ్ళేమో ఎప్పుడో ఒకరు. లైట్ పడినంతసేపూ రంగు వెలుస్తూనే ఉంటుంది, వెలిసింది మళ్ళీ రాదు, అందుకే మ్యూజియాల్లో గుడ్డలు, కాగితాల మీద వెలుతురుని మామూలుగా 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు. బటన్ నొక్కితే నిమిషం వెలిగి దానంతటదే ఆరిపోయేలా పెడితే గొడవ ఉండదు.

ముందే చెప్తున్నా, జనం నొక్కే బటన్‌లోకి 230 వోల్టుల కరెంట్ తేవద్దు. 12 వోల్ట్ 1 ఆంప్ అడాప్టర్, అర మీటర్ ఎల్ఈడీ స్ట్రిప్, 555 ఐసీ (టైమ్ లెక్కపెట్టే ఎనిమిది కాళ్ళ చిప్), ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (స్ట్రిప్‌ని ఆన్, ఆఫ్ చేసే మూడు కాళ్ళ ఎలక్ట్రానిక్ స్విచ్) తీసుకోండి. బటన్‌కి మామూలు కాలింగ్ బెల్ స్విచ్ చాలు, ఎలక్ట్రికల్ షాపులో ఎక్కడైనా దొరుకుతుంది, పిల్లల చేతుల్లో కూడా బాగా ఆగుతుంది.

ఐసీని గుంట పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ పక్క పై కాలు 1, కింది దాకా 4, కుడి పక్క కింది నుంచి పైకి 5 నుంచి 8. 8, 4 అడాప్టర్ ప్లస్‌కి, 1 అడాప్టర్ మైనస్‌కి. 6, 7 కలిపేసి అక్కడ్నుంచి ప్లస్‌కి 560 కిలో ఓమ్ రెసిస్టర్, మైనస్‌కి 100 మైక్రో ఫారడ్, 25 వోల్ట్ కెపాసిటర్ పెట్టండి, దీనికి గీత ఉన్న కాలు మైనస్ వైపు, తిరగేస్తే ఉబ్బి పేలొచ్చు. 2 నుంచి ప్లస్‌కి 10 కిలో ఓమ్, అదే 2 నుంచి బటన్ మీదుగా మైనస్‌కి. 5 నుంచి మైనస్‌కి 0.01 మైక్రో ఫారడ్.

ఇక 3 నుంచి 220 ఓమ్ మీదుగా మాస్‌ఫెట్ గేట్‌కి, గేట్ నుంచి మైనస్‌కి ఒక 10 కిలో ఓమ్. మాస్‌ఫెట్ మీది అక్షరాలు మనవైపు, కాళ్ళు కిందికి ఉంటే ఎడమ నుంచి గేట్, డ్రెయిన్, సోర్స్. సోర్స్ మైనస్‌కి, డ్రెయిన్ స్ట్రిప్ మైనస్‌కి, స్ట్రిప్ ప్లస్ నేరుగా అడాప్టర్ ప్లస్‌కి.

టైమ్ లెక్క ఈజీ, 1.1 ఇంటూ రెసిస్టర్ ఇంటూ కెపాసిటర్, మనకి 62 సెకన్లు వస్తుంది, కాకపోతే ఈ కెపాసిటర్లు 20 శాతం అటూ ఇటూ ఉంటాయి కాబట్టి కచ్చితంగా అంతే రావాలని కూర్చోకండి. టెస్ట్ చేసేటప్పుడు 100 మైక్రో ఫారడ్ బదులు 10 మైక్రో ఫారడ్ పెట్టండి, ఆరేడు సెకన్లలో ఆరిపోతుంది, ప్రతిసారీ నిమిషం ఎదురుచూడక్కర్లేదు.

అడాప్టర్ షోకేస్ బయటే ఉంచండి, లోపల పెడితే దాని వేడి గుడ్డకి మంచిది కాదు. బటన్‌ని నొక్కి పట్టుకునే ఉంటే ఈ సర్క్యూట్‌లో టైమ్ అయిపోయినా లైట్ ఆరదు, వదిలాకే ఆరుతుంది. అందుకని పక్కన “ఒకసారి నొక్కి వదలండి” అని పెద్దక్షరాలతో అంటించండి.