ఒంటరిగా ఇంట్లోనే పాట రికార్డ్ చేస్తున్నారా? సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

పాట సిద్ధంగా ఉంది, మైక్ ఉంది, ఇక సాఫ్ట్‌వేర్ ఒక్కటే అనుకునే చోట చాలామంది ఆగిపోతారు. పది వీడియోలు చూస్తారు, ఒక్కో వీడియోలో ఒక్కో పేరు గెలుస్తుంది. నెల గడుస్తుంది, పాట మాత్రం మొదలవదు. వీటిలో దేని సౌండ్ బాగుంటుందన్న వాదనలోకి అసలు దిగకండి. అదే మైక్, అదే ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) అయితే మీ గొంతు ఎందులో రికార్డ్ చేసినా ఒకేలా ఉంటుంది. దెబ్బ తగిలేది వేరే చోట్ల.

అన్నిటికంటే ముందు, మీ పాట ఆ సాఫ్ట్‌వేర్‌లోంచి బయటికి ఎలా వస్తుందో చూడండి. ప్రాజెక్ట్ ఫైల్‌ని మామూలుగా దాన్ని తయారుచేసిన సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకేదీ చదవలేదు. కంపెనీ ఎంత పాతదైనా భరోసా లేదు. సోనార్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కేక్‌వాక్ దశాబ్దాలుగా ఉన్న పేరు. దాని పని ఆపేస్తున్నట్టు దాని యజమాని గిబ్సన్ కంపెనీ 2017 నవంబర్‌లో చెప్పేసింది. 2018లో బ్యాండ్‌ల్యాబ్ అనే కంపెనీ దాన్ని కొనుక్కుని కొన్నేళ్లు ఉచితంగా ఇచ్చింది కాబట్టి వాడేవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. సాఫ్ట్‌వేర్‌లో అదనంగా చేర్చుకునే వాయిద్యాలు, ఎఫెక్టుల ప్రోగ్రాములు, అంటే ప్లగిన్లదీ ఇదే కథ. 2023 మార్చిలో వేవ్స్ కంపెనీ ఇకపై ప్లగిన్లు విడిగా కొనడం కుదరదు, చందా ఒక్కటే అంది. గోల పెద్దదయ్యేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ప్రతిసారీ అలా తగ్గుతారని నమ్మలేం.

అందుకే ట్రయల్‌లోనే ఒక పరీక్ష పెట్టండి. ప్రతి ట్రాక్‌నీ విడివిడిగా 24 బిట్ వేవ్ ఫైల్‌గా, అన్నీ పాట మొదటి సెకను నుంచే మొదలయ్యేలా ఎక్స్‌పోర్ట్ చేయండి. అలా చేస్తే రేపు ఇంకే సాఫ్ట్‌వేర్‌లో వేసుకున్నా ట్రాకులన్నీ వాటి చోట్లో కూర్చుంటాయి. ఇదంతా ఒక్క కమాండ్‌తో అయిపోవాలి. ఒక్కో ట్రాక్‌నీ సోలో చేసి బయటికి తీయాల్సి వస్తే ఆ పని మీరు ఎప్పటికీ చేయరు, నేనూ చేయను. సాఫ్ట్‌వేర్‌లోని కీబోర్డ్, డ్రమ్స్ లాంటి మిడి ట్రాకుల్ని (ఏ స్వరం ఎప్పుడు మోగాలో మాత్రమే రాసుకునేవి) కూడా ఆడియోగా మార్చుకోవాలి. ఆ వాయిద్యం ప్లగిన్ లేని రోజు మిడి ఫైల్‌లో స్వరాలు మిగులుతాయి గానీ శబ్దం ఉండదు.

ట్రయల్ షరతులు చివరి వరకూ చదవండి. నేను చదవలేదు. ఒక సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లో మూడు రాత్రులు కూర్చుని పాట కట్టాను, సేవ్ కూడా అయింది. మర్నాడు తెరవబోతే లైసెన్స్ కొంటేనే తెరుచుకుంటుందంది. తప్పు నాదే, ఆ మాట వాళ్లు రాసే ఉంచారు. రీపర్ అనే సాఫ్ట్‌వేర్ 60 రోజులపాటు ఏదీ తగ్గించకుండా పూర్తిగా వాడుకోనిస్తుంది. ఒక పాటని మొదటి నుంచి చివరి దాకా పూర్తిచేసి చూడటానికి అంత సమయం చాలు. తెరిచిన మొదటి రోజు చూడటానికి ముచ్చటగా ఉండదు, మెనూలు కూడా బెదరగొడతాయి. అయినా ఒంటరిగా పనిచేసేవాళ్లకి నేను ముందు చెప్పే పేరు అదే.

ఉచితమైనవాటిలో ట్రాకుల లెక్క చూసుకోండి. ప్రో టూల్స్ ఇంట్రోలో ఆడియో ట్రాకులు 8. ఒక్క మనిషికి ఎనిమిది ఎక్కువే అనిపిస్తుంది గానీ, ఒంటరిగా పాడేవాళ్లకే ట్రాకులు ఎక్కువ కావాలి. మెయిన్ గొంతు ఒకటి, దాన్నే మళ్లీ పాడి కలిపేవి రెండు, హార్మొనీలు నాలుగు. ఏడు అయిపోయాయి, గిటార్ ఇంకా బయటికే తీయలేదు. వేవ్‌ఫామ్ ఫ్రీలో అలాంటి పరిమితి లేదు. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్‌తో మొదలుపెట్టొచ్చు, ఆ ప్రాజెక్టులు తర్వాత ఆపిల్‌దే అయిన పెద్ద సాఫ్ట్‌వేర్ లాజిక్‌లో తెరుచుకుంటాయి. కాకపోతే ఆ రెండూ విండోస్‌కి లేవు. ఆడాసిటీ గొంతు రికార్డ్ చేసి కత్తిరించడానికి మంచిది, మిడి కీబోర్డ్‌తో వాయించి పాట కట్టడానికి కాదు. ఇక క్రాక్ చేసిన కాపీలు: పాటలన్నీ ఉన్న కంప్యూటర్‌లోకి ఎవరు ఏం కలిపారో తెలియని ఫైల్‌ని మీ చేత్తో మీరే ఎక్కించుకోవడం అది. అంతకు మించి చెప్పను.

ఇప్పుడు అసలు విషయం. బ్యాండ్‌లో ఒకరు పాడుతుంటే ఇంకొకరు బటన్ నొక్కుతారు. మీకు ఆ రెండో మనిషి లేడు. ఫ్యాన్ శబ్దం పడకూడదని మైక్‌ని కంప్యూటర్‌కి దూరంగా పెడతారు, రికార్డ్ నొక్కి మైక్ దగ్గరికి పరుగెత్తుతారు, ఆ ఆయాసంతోనే పల్లవి అందుకుంటారు. ఇలా ఇరవై టేకులు అయ్యాక గొంతు సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి ట్రయల్‌లో ఈ పనులు చేసి చూడండి. కౌంట్-ఇన్, అంటే రికార్డింగ్ మొదలయ్యే ముందు వినిపించే లెక్క, మీకు కావలసినన్ని బార్లు పెట్టుకోగలరా? తప్పు పోయిన చరణంలో ఒక్క లైన్‌కి మొదలూ చివరా ముందే గుర్తు పెడితే, అక్కడికి రాగానే తనంతట తానే రికార్డింగ్ మొదలై, లైన్ అయిపోగానే ఆగిపోతుందా? దీన్ని ఆటో పంచ్ అంటారు, ఒంటరివాళ్లకి ఇది ప్రాణం. అదే లైన్‌ని లూప్‌లో తిప్పుతూ ఐదారుసార్లు పాడితే టేకులన్నీ ఒకదాని కింద ఒకటి నిలబడతాయా, వాటిలోంచి మంచి ముక్కలు ఏరుకోవడం సులువేనా? ఫోన్ నుంచో, కాలి పెడల్‌తోనో రికార్డ్ బటన్ నొక్కొచ్చా? మైక్, రివర్బ్, క్లిక్ (తాళం శబ్దం) అన్నీ అమర్చిన ఖాళీ ప్రాజెక్ట్‌ని టెంప్లేట్‌గా దాచుకోవచ్చా? ట్యూన్ తట్టిన క్షణానికీ రికార్డింగ్‌కీ మధ్య పావుగంట సెట్టింగులు ఉంటే ఆ ట్యూన్ నిలవదు.

పాడేటప్పుడు హెడ్‌ఫోన్‌లో మీ గొంతు ఆలస్యంగా వినిపిస్తే లయ తప్పడం ఖాయం. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శబ్దం) 128 శాంపుల్స్ అయితే ఆలస్యం దాదాపు 2.7 మిల్లీసెకన్లు, 1024 అయితే 21. శబ్దం లోపలికి వెళ్లి బయటికి రావాలి కాబట్టి మీరు వినేది దీనికి రెట్టింపు పైనే. రికార్డింగ్‌కి బఫర్ తగ్గించండి, మిక్సింగ్‌కి పెంచండి. విండోస్‌లో మీ ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే ప్రోగ్రాము) వాడండి. కంప్యూటర్ పాతదై తక్కువ బఫర్‌కి చిటపటలాడితే ఇంటర్‌ఫేస్ మీద ఉండే డైరెక్ట్ మానిటర్ ఆన్ చేయండి, గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లకుండానే చెవికి చేరుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం వద్దు, అందులో ఆలస్యం మీరు తగ్గించగలిగేది కాదు.

ప్లగిన్లు ముందే కొని ఉంటే ఫార్మాట్ చూసుకోండి. లాజిక్ ఏయూ అనే ఫార్మాట్ తప్ప తీసుకోదు, ప్రో టూల్స్‌కి ఏఏఎక్స్ కావాలి, విండోస్‌లో మిగతావి ఎక్కువగా వీఎస్‌టీతో నడుస్తాయి.

ఆల్బమ్ మధ్యలో ఉండగా కంప్యూటర్ అప్‌డేట్‌లు ఆపేయండి. 2019లో మ్యాక్‌ఓఎస్ కాటలీనా వచ్చినప్పుడు 32 బిట్ ప్రోగ్రాములు నడవడం మానేశాయి, పాత ప్లగిన్లూ వాటితోనే పోయాయి. పాట విడుదలయ్యాక తీరిగ్గా అప్‌డేట్ చేసుకోవచ్చు.

డిస్క్‌లో చోటు కూడా ముందే లెక్కేయండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాక్ నిమిషానికి 8.6 ఎంబీ తింటుంది. నాలుగు నిమిషాల పాటకి 24 ట్రాకులంటే 830 ఎంబీ దాకా, పక్కన పెట్టిన టేకులు దీనికి అదనం. ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని బయటి డిస్క్‌లోకి కాపీ చేసినంత మాత్రాన బ్యాకప్ అయిపోయిందనుకోకండి. డౌన్‌లోడ్స్‌లోంచి లాగి వేసిన డ్రమ్ లూప్ ఒక్కోసారి ఇంకా డౌన్‌లోడ్స్‌లోనే ఉంటుంది, ప్రాజెక్ట్‌లో దాని చిరునామా మాత్రమే ఉంటుంది. వాడిన ఫైళ్లన్నీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకే చేర్చి సేవ్ చేసే ఆప్షన్ ఎక్కడుందో వెతికి పెట్టుకోండి. తర్వాత ఆ డిస్క్‌ని స్నేహితుల కంప్యూటర్‌కి తగిలించి పాట తెరవండి. ఫలానా ఫైల్ కనబడటం లేదని అడిగిందంటే, ఇంటికొచ్చి వెతికి చేర్చడానికి అది ఇంకా మీ కంప్యూటర్‌లో ఉంది.