ఇంటి దగ్గరే స్కీయింగ్ పాఠాలు – 4: ముందు వాలు, తర్వాత గురువు, చివరికి పాస్

క్రితం పాఠంలో స్నోప్లౌ చూశాం. బూట్లకు బిగించే పొడవాటి పలకలే స్కీలు. వాటి ముందు కొసలు దగ్గరికి, మడమల వైపు దూరంగా పెట్టి, లోపలి అంచులతో మంచును ఒరుసుకుంటూ ఆగడం. దాన్ని ఒకసారి రెండు మూడు రోజులు మంచు మీద చేసి వచ్చినవాళ్ల కోసం ఈ పాఠం. అంటే పూర్తిగా కొత్తవాళ్లు కాదు, అలాగని వచ్చినట్టూ కాదు. నా లెక్కలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఈ దశలోనే.

మన చంద్రపూర్ జిల్లా సాస్తి బొగ్గు గనిలో పనిచేసే ఒక తమ్ముడు మొన్న బల్లార్షా స్టేషన్‌లో కలిసి, "అన్నా, ఫిబ్రవరిలో ఐదు రోజులు గుల్మర్గ్ పోతున్నా, ఏ పాస్ తీసుకోమంటావ్?" అన్నాడు. ఎవరిని అడిగినా మొదటి ప్రశ్న ఇదే. పాస్ అంటే వాలు పైకి చేర్చే లిఫ్ట్‌లు ఎన్నిసార్లైనా ఎక్కేందుకు కొనే టికెట్. కానీ అది చివర్లో చూడాల్సింది. ఏ వాలు మీద నేర్చుకుంటారో తేలితే ఎవరి దగ్గర నేర్చుకోవాలో తెలుస్తుంది, ఆ రెండూ తేలాకే ఎన్నిసార్లు లిఫ్ట్ ఎక్కుతారో లెక్క వేయగలం.

వాలు సంగతి మన వైపు వాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్లు నడిచే రోడ్డు చూసే ఉంటారు. మామూలుగా 16 అడుగులు ముందుకు పోతే 1 అడుగుకు మించి దిగకూడదని నియమం, అందుకే ఆ రోడ్డు గని చుట్టూ తిరుగుతూ దిగుతుంది. స్నోప్లౌతో భయం లేకుండా జారాలంటే మొదట దాదాపు అంత మెల్లని వాలే కావాలి. అమెరికాలో ఆకుపచ్చ గుండ్రం గుర్తు పెట్టే తేలిక వాలులు 4 అడుగులకు 1 అడుగు లోపే ఉంటాయి, ఆ పైన నీలం చదరం, ఆ తర్వాత నల్ల డైమండ్. యూరప్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. మన దగ్గర ప్రతిచోటా ఇలాంటి బోర్డులు ఉండవు కాబట్టి కళ్లతో చూసి, అడిగి తెలుసుకోవాలి.

గుల్మర్గ్‌లో ఊరి పక్కనున్న మైదానం దాదాపు 2,650 మీటర్ల ఎత్తు. చిన్న లిఫ్ట్‌లున్న కొత్తవాళ్ల వాలులు అక్కడే. గొండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కార్, మొదటి దశ ఎక్కితే కొంగ్‌డూరి, దాదాపు 3,100 మీటర్లు. రెండో దశ అఫర్వత్ కొండ మీద 3,900 దాటిపోతుంది. అక్కడ యంత్రంతో చదును చేసిన దారి ఉండదు, మంచు చరియలు విరిగిపడే చోటు. 2024 ఫిబ్రవరిలో ఆ కొండ వాలులోనే చరియల కింద పడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు, రెండో రోజే, నేర్పిస్తానన్న ఒకతను "పైకి పోదాం సార్, అక్కడే అసలు మజా" అంటే నమ్మి రెండు దశల టికెట్లూ కొన్నాను. పైన అంచు దాకా వెళ్లి కిందికి చూశాక కాళ్లు కదల్లేదు. స్కీలు భుజాన వేసుకుని గొండోలాలోనే దిగొచ్చాను. ఆ రోజు ఒక్క మలుపు కూడా నేర్చుకోలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే చెబుతున్నాను, రెండు వైపులా పది మలుపులు ఆగకుండా తిప్పేదాకా రెండో దశ జోలికి పోవద్దు.

ఇక గురువు. ఇక్కడ తొందర వద్దు.

సెలవు దొరికితే అన్నిటికన్నా మంచిది సంస్థల కోర్సు. గుల్మర్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది. మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ సోలాంగ్ వాలుల మీద నేర్పుతుంది. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్లు 7 రోజులు, 14 రోజుల కోర్సులు నడుపుతూ వచ్చారు. రోజూ అదే గురువు, అదే జట్టు, క్రమశిక్షణ. ఫీజులో స్కీలు, బూట్లు, లిఫ్ట్, బస ఏవేవి కలిసి ఉన్నాయో ముందే రాతలో అడగండి.

ఐదు రోజులే ఉన్నవాళ్లు గ్రూపా, విడిగానా అని తేల్చుకోవాలి. గ్రూపు చౌక, కానీ మీ దశకు ఒక చిక్కు ఉంది: పదిమందిలో తొమ్మిది మంది ఆ రోజే బూట్లు తొడిగినవాళ్లైతే మీరు వచ్చిందే మళ్లీ చేస్తూ ఉదయమంతా నిలబడాలి. అందుకే నా సలహా ఇది. మొదటి రోజు రెండు గంటలు విడిగా నేర్పించుకోండి, పోయినసారి పట్టిన తప్పులు అక్కడే సరిదిద్దుతారు. మీ స్థాయిలోనే ఇంకొకరు తోడుంటే ఇద్దరూ పంచుకోండి, డబ్బు సగమవుతుంది, ఒకరు పడి లేచేలోపు ఇంకొకరు నేర్చుకుంటారు. తర్వాతి రోజుల్లో ఉదయం రెండు గంటలు గ్రూపు పాఠం, మధ్యాహ్నం సొంతంగా సాధన. రోజంతా గురువును పెట్టుకోవద్దు, అలిసిన కాళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు.

ఫోన్‌లో "నాకు కొంచెం వచ్చు" అనొద్దు, ఆ మాటతో అవతలివాళ్లకు ఏమీ తెలియదు. "స్నోప్లౌతో ఆగగలను, ఎడమకు తిరుగుతాను, కుడికి తిరగబోతే పడతాను, లిఫ్ట్ సొంతంగా ఎక్కగలను" అని చెప్పండి. గ్రూపులో ఎంతమంది, అందరూ ఒకే స్థాయి వాళ్లేనా, ఏ వాలు మీద నేర్పుతారు, నేర్పేది మీరేనా ఇంకెవరైనానా అని అడగండి. హిందీ, మరాఠీ మధ్య పెరిగిన మన చంద్రపూర్ జిల్లా వాళ్లకు అక్కడ మాట ఇబ్బంది కాదు, కాబట్టి మొహమాటం లేకుండా అన్నీ అడగొచ్చు. రెండో రోజుకే పైకి తీసుకుపోతానని మాటిచ్చేవాళ్లను మాత్రం వదిలేయండి.

ఇప్పుడు పాస్. లిఫ్ట్ డబ్బు సాధారణంగా ఎక్కినసారికి ఇంత, సగం రోజుకు ఇంత, రోజంతా ఇంత అని ఉంటుంది. వరసలో నిలబడడం, పైకి పోవడం, దిగడం, పడి లేవడం అన్నీ కలిపి చుట్టుకు 15 నిమిషాలు వేసుకోండి. గంటకు నాలుగు, రెండు గంటల సాధనకు ఎనిమిది. లెక్క కోసం ఒకసారికి 100, రోజు పాస్ 1,000 అనుకుందాం. పాస్ గిట్టాలంటే పదిసార్లకు పైగా ఎక్కాలి, మొదటి రెండు రోజులు అది మీ వల్ల కాదు. విడి టికెట్లు కొనుక్కోండి. మూడో రోజు సాయంత్రం ఎన్నిసార్లు ఎక్కారో రాసుకున్న కాగితం చూసి, నాలుగో రోజుకు పాస్ కొనాలో వద్దో తేల్చుకోండి. ఇంకో మాట, గొండోలాకు ఆన్‌లైన్‌లో ముందుగా కొనే టికెట్ వేరు, మైదానంలోని చిన్న లిఫ్ట్‌ల డబ్బు వేరు. ఒకటి కొంటే రెండోది వస్తుందనుకోవద్దు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకు ఎపిక్, ఐకాన్ అనే పెద్ద సీజన్ పాస్‌ల మాట వినపడుతుంది. సీజనంతా కొండల మీద తిరిగేవాళ్లకు అవి. మీకు అక్కడ కావాల్సింది పాఠం, అద్దె స్కీలు, కొత్తవాళ్ల లిఫ్ట్ మూడూ కలిపి ఇచ్చే ప్యాకేజీ, చాలా చోట్ల దొరుకుతుంది.

మంచు మాట కూడా చెప్పాలి. 2024 జనవరిలో గుల్మర్గ్ చాలా రోజులు మంచు లేక ఎండిపోయి కనిపించింది. 2025లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో గుల్మర్గ్‌లో జరగాల్సిన పోటీలనే ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. కాబట్టి గది, గురువు, టికెట్ ఏది బుక్ చేసినా మంచు పడకపోతే డబ్బు వెనక్కి వస్తుందా అని అడిగాకే కట్టండి. రైలు టికెట్ ముందే తీసుకోక తప్పదు, మిగతా వాటికి అడ్వాన్స్ వీలైనంత తక్కువ ఇవ్వండి. ఆరోగ్య బీమా పాలసీలో సాహస క్రీడలు మినహాయింపుల్లో ఉన్నాయేమో ఒకసారి చదవండి.

ఈ వారం సాధన. గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు తొడలు నేలకు సమంగా వచ్చేలా దిగి, 30 సెకన్లు నిలవండి. రోజుకు ఐదుసార్లు, వారం చివరికి ఒక్కోసారికి నిమిషం. ఎండ మొదలవకముందే, పొద్దున్నే చేయండి. దాంతోపాటు ఒక కాగితం మీద మీకు ఏం వచ్చో, ఏం రాదో నాలుగు వాక్యాల్లో రాసి, ఇద్దరు గురువులకు ఫోన్ చేసి అదే చదివి వినిపించండి. ఇద్దరూ ఏ వాలు మీద మొదలుపెడతామన్నారో పక్కనే రాసుకోండి. ఆ కాగితం దగ్గర పెట్టుకుని వచ్చే పాఠానికి రండి, అద్దె బూట్లు ఎలా ఎంచుకోవాలో అప్పుడు చూద్దాం.