ఎండలు ముదరకముందే ఓవర్‌క్లాక్ చేసిన ర్యామ్‌ని ఓసారి చూసుకోండి

చలికాలంలో ర్యామ్‌ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడిచేలా పెట్టి, రాత్రంతా ర్యామ్ టెస్ట్ నడిపి, పొద్దున లేచి చూస్తే ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. హమ్మయ్య అనుకుని బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే మూల సెట్టింగుల్లో) ఆ సెట్టింగులు సేవ్ చేసి మర్చిపోతాం. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆ టెస్ట్ పాసైంది చల్లటి గదిలో, గ్రాఫిక్స్ కార్డుకు పనేమీ లేనప్పుడు. ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలు గేమ్ ఆడాక పరిస్థితి వేరు. గది 12 డిగ్రీలు వేడెక్కితే ర్యామ్ కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. కార్డు ఊదే వేడి దానికి అదనం.

నాకు ఈ సంగతి ఫొటోల వల్ల తెలిసొచ్చింది. కెమెరా నుంచి కాపీ చేసిన ఫొటోల్లో రెండు మూడు, పై సగం మామూలుగా ఉండి కింద సగం బూడిదరంగు పట్టీగా మారిపోయాయి. మెమరీ కార్డే పాడైందనుకుని దాన్ని ఫార్మాట్ చేసేశాను. తర్వాత కేబుల్ మార్చాను, డిస్క్‌ని అనుమానించాను. సిస్టమ్ ఒక్కసారి కూడా క్రాష్ కాలేదు కాబట్టి ర్యామ్ మీదకి ధ్యాసే పోలేదు. చివరికి చూస్తే ర్యామ్ 58 డిగ్రీల దగ్గరుంది. చలికాలంలో టెస్ట్ చేసినప్పుడు అది 43 దాటలేదు. ఆ ఫొటోలు మళ్లీ దొరకలేదు. ఇంత గట్టిగా చెబుతున్నది అందుకే.

వేడికి ర్యామ్ ఎందుకు తప్పులు చేస్తుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లో ఛార్జ్ రూపంలో ఉంటుంది. అది చిల్లికుండ లాంటిది, ఛార్జ్ కారిపోతూనే ఉంటుంది. అందుకే మెమరీ మొత్తాన్నీ పదేపదే రిఫ్రెష్ చేయాలి. డీడీఆర్4 తరం ర్యామ్‌కి, మెమరీ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం 85 డిగ్రీల వరకూ ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి, అది దాటితే 32 మిల్లీసెకన్లకు ఒకసారి రిఫ్రెష్ జరగాలి. వేడి పెరిగేకొద్దీ చిల్లు పెద్దదవుతుందన్నమాట.

మరి 85 వరకూ పర్వాలేదు కదా అని మీకు అనిపించవచ్చు. మామూలు సెట్టింగుల్లో నిజమే. ఓవర్‌క్లాక్ చేసేటప్పుడు మనం చేసే మొదటి పనుల్లో ఒకటి టీఆర్‌ఈఎఫ్‌ఐ పెంచడం, అంటే రిఫ్రెష్‌కీ రిఫ్రెష్‌కీ మధ్య వ్యవధిని సాగదీయడం. 3600 వేగంతో నడిచే డీడీఆర్4లో దాని మామూలు విలువ సుమారు 14,040. దాన్ని 65,535కి పెడితే వ్యవధి నాలుగున్నర రెట్లు దాటుతుంది. 64 మిల్లీసెకన్లలో జరగాల్సిన పనికి దాదాపు 300 మిల్లీసెకన్లు పడుతుంది. చల్లగా ఉన్నంతసేపు చిప్ ఓర్చుకుంటుంది. ఇక 85 అన్న అంకెకు అర్థం లేదు. టైమింగులు (ర్యామ్ ఒక్కో పనికి మధ్య ఆగే వ్యవధులు) బిగించి వోల్టేజ్ ఎక్కించిన, శాంసంగ్ బీ-డై రకం చిప్పులున్న ర్యామ్ కిట్లు 50 డిగ్రీల దరిదాపుల్లోనే ఎర్రర్లు మొదలుపెట్టడం ఓవర్‌క్లాకర్లకు అలవాటైన విషయమే. కాబట్టి నా లెక్కలో ఎండాకాలం ఫుల్ లోడ్‌లో కూడా 50 లోపే ఉంచగలిగితే నిశ్చింత. అలా కుదరకపోతే సెట్టింగులు తగ్గించుకోవాలి.

ముందు కొలవండి. డీడీఆర్4 తర్వాతి తరమైన డీడీఆర్5 ర్యామ్ స్టిక్కుల్లో ఉష్ణోగ్రత సెన్సర్ లోపలే ఉంటుంది, సెన్సర్ల రీడింగులు చూపించే ప్రోగ్రామ్ హెచ్‌డబ్ల్యూ‌ఇన్ఫోలో కనిపిస్తుంది. డీడీఆర్4లో కొన్నింటికి ఉంటుంది, చాలావాటికి ఉండదు. లేకపోతే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడొచ్చు కానీ, మెరిసే అల్యూమినియం మీద నేరుగా గురిపెడితే అది అసలు కన్నా బాగా తక్కువ చూపిస్తుంది. స్టిక్‌కి తొడిగిన లోహపు రేకు, అంటే హీట్ స్ప్రెడర్ మీద చిన్న నల్లటి ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి, దాని మీద కొలవండి. లోపలి చిప్ అంతకన్నా ఇంకొన్ని డిగ్రీలు వేడిగానే ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇక చల్లబరచడం. ఇందులో నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను: ముందు గాలి, తర్వాతే మిగతావన్నీ. ర్యామ్ స్టిక్ నుంచి వచ్చే వేడి కొద్ది వాట్లే. దాన్ని తోసేయడానికి పెద్ద హంగామా అక్కర్లేదు, గాలి కదిలితే చాలు. చాలా కేసుల్లో అదే కదలదు. టవర్ ఎయిర్ కూలర్ ఉన్నప్పుడు దాని ఫ్యాన్ పుణ్యాన ర్యామ్ దగ్గర కూడా కాస్త గాలి ఆడుతుంది. లిక్విడ్ కూలర్‌కి మారగానే ప్రాసెసర్ చల్లబడుతుంది, ర్యామ్ చుట్టూ మాత్రం గాలి స్తంభించిపోతుంది. దానికి తోడు ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావాటికి వెనకవైపు చివర తెరిచి ఉంటుంది. కార్డులోంచి దూసుకొచ్చిన వేడిగాలి నేరుగా ర్యామ్ వైపే ఎక్కుతుంది. లిక్విడ్ కూలర్ పెట్టించాక ర్యామ్ ఎర్రర్లు మొదలయ్యాయని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఈ గాలి సంగతే.

అందుకని ర్యామ్‌కి ఎదురుగా ఒక ఫ్యాన్ పెట్టండి. స్టిక్కుల పైన బిగించే చిన్న 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లు దొరుకుతాయి కానీ, అవి గీ అని మోత పెడతాయి, తొందరగా అరుగుతాయి కూడా. చోటు ఉంటే 92 లేదా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేలా పెట్టడమే మేలు. గాలి స్టిక్కుల మధ్య సందుల్లోకి దూరాలి. జిప్ టైలతో కట్టేటప్పుడు ఫ్యాన్ బరువు స్టిక్కుల మీద పడకూడదు. వైర్లు గ్రాఫిక్స్ కార్డు రెక్కల్లోకి జారకూడదు. కట్టాక కేసుని కాస్త ఊపి చూడండి. వేడికి ప్లాస్టిక్ టై సాగి, ఫ్యాన్ ఊడి కార్డు మీద పడితే ఏమవుతుందో ముందే ఊహించుకుని రెండో టై వేయండి.

రెండు స్టిక్కులే ఉంటే మదర్‌బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్లలోనే, సాధారణంగా రెండోది, నాలుగోది, పెట్టండి. మధ్యలో సందు మిగులుతుంది. నాలుగూ నింపితే మధ్యవి రెండూ ఉక్కిరిబిక్కిరవుతాయి. ఉష్ణోగ్రత చూసేటప్పుడు వాటినే చూడండి.

హీట్ స్ప్రెడర్ గురించి చాలామందికి అపోహ ఉంది. అది ఎంత బరువుగా, ఎంత అందంగా ఉన్నా, గాలి ఆడకపోతే కాసేపట్లో అదీ వేడెక్కి కూర్చుంటుంది. ఇంకా మంచిది వేద్దామని పాతదాన్ని పీకడం మాత్రం నిజంగా ప్రమాదం. లోపలి ప్యాడ్ జిగురు చిప్‌ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. చల్లగా ఉండగా లాగితే ప్యాడ్‌తోపాటు చిప్ కూడా ఊడిరావచ్చు, అప్పుడు కింద రాగి చుక్కలు బయటపడతాయి. ఇక ఆ స్టిక్ పోయినట్టే. వారంటీ కూడా సాధారణంగా అంతటితో సరి. తప్పనిసరైతే హెయిర్ డ్రయర్‌తో రెండు వైపులా బాగా వెచ్చబెట్టి, పళ్ల మధ్య శుభ్రం చేసుకునే దారాన్ని ప్యాడ్‌లోంచి అటూ ఇటూ లాగుతూ కోయండి. స్క్రూడ్రైవర్‌తో మాత్రం ఎత్తకండి. ప్యాడ్ బదులు వేడిని లాగే లిక్విడ్ మెటల్ పూయడం అసలు వద్దు. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి ఒక్క చుక్క జారినా షార్ట్. డీడీఆర్5 అయితే మధ్యలో ఉండే పవర్ చిప్‌కి కూడా ప్యాడ్ తగులుతోందో లేదో చూడండి, కొన్ని స్ప్రెడర్లు దాన్ని వదిలేస్తాయి.

ర్యామ్‌కి వాటర్ బ్లాకులు ఉన్నాయి. ఇప్పటికే కస్టమ్ లూప్ (విడిభాగాలతో సొంతంగా కట్టుకున్న నీటి కూలింగ్) ఉన్నవాళ్లకు సరే, కేవలం ర్యామ్ కోసం నీళ్లు తెచ్చి బోర్డు మీద తిప్పడం నాకు నచ్చదు. లిక్విడ్ నైట్రోజన్ రికార్డుల కోసమే. గది కన్నా చల్లబరిచే ఏ పద్ధతిలోనైనా చెమ్మ పట్టి బోర్డు పోయే ప్రమాదం ఉంటుంది.

స్టిక్కులు తీసేముందు సిస్టమ్ ఆపి, పవర్ సప్లై వెనక స్విచ్ కట్టేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కండి. కేసు లోహాన్ని ఒకసారి తాకండి. బంగారు రంగు కాళ్లను వేళ్లతో ముట్టుకోకండి. తిరిగి పెట్టాక డీడీఆర్5 సిస్టమ్ మొదటిసారి కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తోనే ఉండొచ్చు. అది మెమరీ ట్రెయినింగ్, అంటే బోర్డు ఆ ర్యామ్‌కి తగ్గట్టు సెట్టింగులు సరిచూసుకోవడం. టెన్షన్ పడి మధ్యలో ఆపేయకండి.

ఇంత చేసినా ఉష్ణోగ్రత దిగకపోతే సెట్టింగుల్లో తగ్గాల్సిందే, అందులో చిన్నతనమేమీ లేదు. ముందు టీఆర్‌ఈఎఫ్‌ఐ సగానికి దించండి, వేగంలో తేడా మీ కంటికి ఆనదు. తర్వాత వోల్టేజ్. వేడి దాదాపుగా వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది కాబట్టి 1.35 నుంచి 1.45కి వెళ్లడం చూడటానికి చిన్నదైనా, వేడి సుమారు 15 శాతం ఎక్కువ. వోల్టేజ్ దించినప్పుడు వేగాన్నో టైమింగులనో కూడా కాస్త సడలించాలి. ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి బయోస్‌లో వేరువేరు ప్రొఫైళ్లుగా దాచుకుంటే పని తేలిక.

తర్వాత మళ్లీ టెస్ట్ చేయండి, ఈసారి సరైన వేళలో. కేసు మూత బిగించి, మధ్యాహ్నం వేడిలో, ర్యామ్‌ని పరీక్షించే టెస్ట్‌మెమ్5 నడుస్తుండగా పక్కన గ్రాఫిక్స్ కార్డుకి పనిపెట్టే ఫర్‌మార్క్ కూడా పెట్టి కార్డుకి చెమటలు పట్టించండి. మెమ్‌టెస్ట్86 మంచిదే కానీ, అది నడిచేటప్పుడు కార్డుకి పనుండదు కాబట్టి ఆ వేడి తగలదు. డీడీఆర్5లో ఆన్-డై ఈసీసీ ఉందిగా అని ధీమా పడకండి. అది చిప్ లోపలి చిన్న తప్పుల్ని దిద్దుతుంది, చిప్ నుంచి ప్రాసెసర్‌కి వెళ్లే దారిలో జరిగేవాటిని పట్టుకోదు. టెస్ట్ పాసయ్యేదాకా విండోస్ అప్‌డేట్లు, బయోస్ అప్‌డేట్లు ఆపండి.

బ్యాకప్ మాత్రం టెస్టులకు ముందే, ర్యామ్‌ని మామూలు జెడెక్ వేగానికి దించి తీయండి. పాత బ్యాకప్ మీద రాయకండి, పక్కన వేరే ఫోల్డర్‌లో పెట్టండి. ఈమధ్య కాపీ చేసిన ఫొటోలు ఒక పది తెరిచి, కింద అంచు దాకా చూడండి. కెమెరా కార్డుని ఆ తర్వాతే ఖాళీ చేయండి.